రిపోర్టులో వీయూఎస్ అని వచ్చింది, బాబు జబ్బుకు కారణం అదేనా?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను, నేను సరిగా అర్థం చేసుకున్నానో లేదో మీకే తెలుస్తుంది. మీది హన్మకొండ. మేనరికం, మీ భార్య మీ మేనమామ కూతురు. బాబుకు మూడేళ్లు. ఎనిమిదో నెల నుంచి ఫిట్స్, రెండు రకాల మందులు వాడుతున్నా పూర్తిగా ఆగలేదు. మెడ ఆలస్యంగా నిలిపాడు, నడకలో ఇంకా తూలుతున్నాడు. నోటి చుట్టూ ఎర్రగా పొక్కుతుంది, జుట్టు పలచబడింది. ఎగ్జోమ్ టెస్ట్ (జన్యువుల్లో ప్రొటీన్ తయారీకి పనికొచ్చే భాగాలన్నీ చదివే పరీక్ష) చేయిస్తే బీటీడీ అనే జన్యువు రెండు కాపీల్లోనూ ఒకే మిస్సెన్స్ వేరియంట్ (ఒక అక్షరం మారి, ప్రొటీన్‌లో ఒక ముక్క మారే మార్పు) కనిపించింది. పక్కన ‘వీయూఎస్’ అని రాశారు, అంటే ప్రాముఖ్యం ఇంకా తేలని మార్పు. ఒక డాక్టర్ రిపోర్ట్ పాజిటివ్ అన్నారు, ఇంకొకరు వీయూఎస్ అంటే ఏమీ లేనట్టే అన్నారు. మీ భార్యకు ఇప్పుడు తొమ్మిదో వారం, ఇంట్లో పెద్దవాళ్లు “ఈసారి వద్దు, తీసేయించుకోండి” అంటున్నారు.

ఇద్దరు డాక్టర్ల మాటా సరికాదు. వీయూఎస్ పాజిటివ్ కాదు, అలాగని పక్కన పడేసేదీ కాదు. అయితే మీ విషయంలో ఆ ముద్ర ఎప్పుడు మారుతుందా అని ఎదురుచూడాల్సిన పని లేదు. బీటీడీ జన్యువు తయారుచేసేది బయోటినిడేస్ అనే ఎంజైమ్. అది రక్తంలో ఎంత పనిచేస్తుందో నేరుగా కొలవచ్చు. ఆ పరీక్ష ఇంకా చేయించలేదని మీరు రాసినదాన్ని బట్టి తెలుస్తోంది. మిగతా విషయాలన్నీ తర్వాత చదువుకున్నా సరే, ఆ పరీక్ష మాత్రం ఈ వారంలోనే చేయించండి.

తొందరపెట్టడానికి కారణం ఉంది. శరీరం వాడుకున్న బయోటిన్ విటమిన్‌ను ప్రొటీన్ల నుంచి విడదీసి మళ్లీ వాడుకునేలా చేసేది ఈ ఎంజైమే. అది లేకపోతే బయోటిన్ కరువై ఫిట్స్, కండరాల మెత్తదనం, తూలడం, నోటి చుట్టూ పొక్కడం, జుట్టు రాలడం, వినికిడి తగ్గడం వస్తాయి. మీ బాబు లక్షణాల జాబితా చూస్తే ఎవరికైనా ఈ జబ్బే ముందు గుర్తుకు రావాలి. దీనికి మందు రోజూ నోటితో ఇచ్చే బయోటిన్, సాధారణంగా 5 నుంచి 10 మిల్లీగ్రాములు, జీవితాంతం. ఖరీదైన మందు కాదు. ఫిట్స్, చర్మం, జుట్టు చాలా త్వరగా కుదుటపడతాయి. వినికిడి, చూపు దెబ్బతింటే మాత్రం చాలాసార్లు వెనక్కి రావు. అందుకే రక్తం తీసిన రోజే, ఫలితం కోసం ఆగకుండా బయోటిన్ మొదలుపెట్టడం వాడుక. ఎంజైమ్ కొలతకు దానివల్ల అడ్డంకి లేదు. మోతాదు మాత్రం మీ పిల్లల డాక్టర్ చెప్పాలి. బయోటిన్ వాడుతున్నప్పుడు థైరాయిడ్ వంటి కొన్ని రక్తపరీక్షలు తప్పుగా వచ్చే అవకాశం ఉంది, కాబట్టి ఎక్కడ రక్తం ఇచ్చినా ఆ మాట చెప్పండి.

ఇక మీ అసలు ప్రశ్న: ల్యాబ్ దీన్ని వీయూఎస్ అని ఎందుకు రాసింది?

2015లో అమెరికాలోని ఏసీఎంజీ, ఏఎంపీ అనే వైద్య నిపుణుల సంస్థలు కలిసి ఒక పద్ధతి పెట్టాయి. మన దేశంలో ల్యాబ్‌లు కూడా దాన్నే అనుసరిస్తాయి. అందులో అయిదు వర్గాలు: పాథోజెనిక్ (జబ్బు తెచ్చేది), లైక్లీ పాథోజెనిక్ (బహుశా జబ్బు తెచ్చేది), వీయూఎస్, లైక్లీ బినైన్ (బహుశా హాని లేనిది), బినైన్ (హాని లేనిది). మొత్తం 28 రకాల ఆధారాలను చూసి వర్గం తేలుస్తారు. తర్వాత వచ్చిన సవరణతో దాన్ని పాయింట్ల లెక్కగా మార్చారు. బలహీనమైన ఆధారానికి 1, మధ్యస్థానికి 2, బలమైనదానికి 4, అతి బలమైనదానికి 8. నిర్దోషమని చెప్పే ఆధారాలకు ఇవే పాయింట్లు మైనస్‌లో పడతాయి. 10 లేదా అంతకు మించితే పాథోజెనిక్, 6 నుంచి 9 అయితే లైక్లీ పాథోజెనిక్, 0 నుంచి 5 వరకూ వీయూఎస్. లైక్లీ అనే మాట చిన్నదిగా కనిపిస్తుంది కానీ దాని వెనుక 90 శాతానికి పైగా నమ్మకం ఉండాలి.

మీ బాబు రిపోర్టును ఈ లెక్కలో వేసి చూద్దాం. వేరియంట్ నోమ్యాడ్ డేటాబేస్‌లో (లక్షల మందిలో కనిపించిన జన్యు మార్పుల జాబితా) లేదని రాశారు, దానికి 1. కంప్యూటర్ అంచనా రెవెల్ స్కోరు 0.81 అని ఉంది. 2022లో క్లిన్‌జెన్ (జన్యు మార్పులను తేల్చే నియమాలు పెట్టే నిపుణుల సంస్థ) బృందం పెట్టిన కొలత ప్రకారం 0.773 దాటితే మధ్యస్థ ఆధారం, కాబట్టి 2. మొత్తం 3. ల్యాబ్ వాళ్లు తప్పు చేయలేదు, వాళ్ల చేతిలో ఉన్నది అంతే. రిపోర్టులో సిఫ్ట్, పాలీఫెన్, మ్యుటేషన్‌టేస్టర్ అనే కంప్యూటర్ టూల్స్ అన్నీ ‘డ్యామేజింగ్’ అన్నాయని ఒక వరుస ఉంటుంది. మీకు భయం వేసింది బహుశా అక్కడే. అవన్నీ దాదాపు ఒకే సమాచారం చూసి చెప్పేవి. నాలుగు టూల్స్ ఒకే మాట చెప్తే నాలుగు సాక్ష్యాలు అయిపోవు. అన్నిటికీ కలిపి లెక్క ఒక్కటే.

రెండు కాపీల్లోనూ ఉంది కదా, దానికి పాయింట్లు లేవా అని మీరు ప్రత్యేకంగా అడిగారు. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే మన ప్రాంతపు రిపోర్టుల్లో ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. రెండు కాపీలూ దెబ్బతింటేనే వచ్చే జబ్బుల్లో ఒక రోగిలో ఒకే మార్పు రెండు కాపీల్లో కనిపించడం మామూలుగా ఒక ఆధారమే. కానీ తల్లిదండ్రులది మేనరికమైతే దాని విలువ సగానికి పడిపోతుంది. క్లిన్‌జెన్ లెక్కలో బయటి సంబంధం రోగికి అర పాయింట్ ఇస్తే, మేనరికం బిడ్డకు పావు. కనీసం అర పోగైతేనే అది బలహీనమైన ఆధారంగానైనా నిలుస్తుంది. అంటే మీ బాబు ఒక్కడితో అక్కడ వచ్చేది ఏమీ లేదు.

కారణం తేలికే. బావామరదళ్ల బిడ్డలో జన్యుసంపద సగటున పదహారో వంతు రెండు వైపులా ఒకే పూర్వీకుడి నుంచి వచ్చి ఒకేలా ఉంటుంది. మేనమామ మేనకోడళ్ల పెళ్లి అయితే ఎనిమిదో వంతు. 300 కోట్ల పైచిలుకు అక్షరాల్లో పదహారో వంతు అంటే దాదాపు 19 కోట్ల అక్షరాలు. ఆ ప్రాంతాల్లో పడ్డ ప్రతి అరుదైన మార్పూ రెండు కాపీల్లోనే కనిపిస్తుంది, అది జబ్బు తెచ్చేదైనా, ఏ హానీ లేనిదైనా. తరతరాలుగా మేనరికాలు నడిచిన ఇంట్లో ఈ వాటా ఇంకా పెరుగుతుంది. మీ బాబు పూర్తి డేటా తెరిస్తే బీటీడీతో పాటు ఇలాంటివి ఇంకా చాలా కనిపిస్తాయి. రిపోర్టులో ఇదొక్కటే రాశారంటే లక్షణాలకు దగ్గరగా ఉన్న జన్యువు ఇదని వాళ్లకు అనిపించింది కాబట్టే.

డేటాబేస్‌లో లేదన్న మాట కూడా మన దగ్గర జాగ్రత్తగా తీసుకోవాలి. నోమ్యాడ్ నాలుగో వెర్షన్‌లో 8 లక్షల పైచిలుకు మంది డేటా ఉంది. అందులో దక్షిణాసియా వాళ్లు సుమారు 45 వేలు, వాళ్లలోనూ పాకిస్తాన్‌లో జరిగిన అధ్యయనాల వాళ్లు, బ్రిటన్‌లో స్థిరపడ్డవాళ్లు చాలామంది. నర్సంపేట, పరకాల, మెట్‌పల్లి చుట్టుపక్కల ఒకే కులంలో, అదే నాలుగైదు ఇంటిపేర్ల మధ్య పెళ్లిళ్లు చేసుకునే కుటుంబాల వాళ్లు అందులో ఎంతమంది ఉంటారు? ఓటర్ల జాబితాలో పేరు లేనంత మాత్రాన మనిషి ఊళ్లో లేడని కాదు, రాసుకునేవాళ్లు ఆ వాడకు పోలేదేమో. 2025 జనవరిలో జీనోమ్ ఇండియా దాదాపు 10 వేల మంది డేటాను పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చాక కొంత మెరుగు. మీ ల్యాబ్ అందులో గానీ తమ సొంత భారతీయ డేటాలో గానీ వెతికిందా అని అడగండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో అదే మార్పు రెండు కాపీల్లో కనిపిస్తే కథ చాలావరకు అక్కడే ముగుస్తుంది.

మరీ ఊహ కాదు ఇది. ఆర్యవైశ్యుల్లో బీసీహెచ్ఈ జన్యువు మార్పు సంగతి మన మత్తు డాక్టర్లకు బాగా తెలుసు. ఆ ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకు స్కోలిన్ (ఆపరేషన్‌కు ముందు కండరాలను సడలించే మందు) ఇస్తే నిమిషాల్లో తేరుకోవాల్సిన శ్వాస కండరాలు గంటల తరబడి తేరుకోవు. మిగతా ప్రపంచంలో చాలా అరుదైన లోపం ఆ ఒక్క కులంలో ఎన్నో రెట్లు ఎక్కువ. కారణం, కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి తమలో తాము పెళ్లాడడమే. 2017లో సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న అధ్యయనం దక్షిణాసియాలో ఇలాంటి సమూహాలు చాలానే ఉన్నాయని చూపించింది.

తిరగేసి చూస్తే, ఎక్కువమందిలో ఉంది కాబట్టి నిర్దోషం అనడానికీ లేదు. సాధారణ నియమం ప్రకారం ఏదైనా పెద్ద జనాభాలో 5 శాతం దాటిన మార్పును బినైన్ అంటారు. కానీ ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు గోండు, కొలాం గూడేల్లో సికిల్ సెల్ మార్పు ఎంత మామూలుగా కనిపిస్తుందో అక్కడ పనిచేసిన ఎవరినైనా అడగండి. దాని అపకారంపై ఎవరికీ అనుమానం లేదు. ఒక కాపీ ఉన్నవాళ్లకు మలేరియా నుంచి కొంత రక్షణ దొరకడంతో ఆ మార్పు అడవి ప్రాంతాల్లో నిలిచిపోయింది. గుండె కండరపు ఎంవైబీపీసీ3 జన్యువులో 25 అక్షరాలు పోయిన మార్పు ఇంకో రకం. భారతీయుల్లో దాదాపు 4 శాతం మందిలో ఉంది. గుండె జబ్బు ముప్పు పెంచుతుందని 2009లోనే చెప్పారు, కానీ అది ఉన్నవాళ్లలో చాలామంది జీవితాంతం బాగానే ఉంటారు. ఇలాంటివాటిని పాథోజెనిక్, బినైన్ అనే గదుల్లో ఇరికించడం కష్టం.

మీ జన్యువులోనే ఇంకో ఉదాహరణ ఉంది. బీటీడీలో డి444హెచ్ అనే మార్పు యూరప్ జనాభాలో దాదాపు 4 శాతం కాపీల్లో ఉంటుంది. రెండు కాపీలూ అదే అయినా ఎంజైమ్ సగం పనిచేస్తుంది, మనిషికి ఏమీ కాదు. అదే మార్పు ఒక కాపీలో, తీవ్రమైన మార్పు రెండో కాపీలో పడితే పాక్షిక లోపం వస్తుంది. 2018లో క్లిన్‌జెన్ 5 శాతం నియమం నుంచి మినహాయించిన తొమ్మిది మార్పుల్లో ఇదీ ఒకటి. మీ బాబుది ఇది కాదు, రిపోర్టులో ఉన్న మార్పు వేరే చోట ఉంది. కానీ ఒకే జన్యువులో ఒక్కో మార్పు ఎంత వేరుగా ప్రవర్తిస్తుందో చూశారుగా. అందుకే రెవెల్ లాంటి అంచనాలను నేను మరీ అంతగా నమ్మను.

మళ్లీ ఎంజైమ్ పరీక్షకు వద్దాం. హన్మకొండలో రక్తం తీయించి పంపినా సరే, హైదరాబాద్ వెళ్లి ఇచ్చినా సరే. కానీ ఈ ఎంజైమ్‌కు వేడి అస్సలు పడదు. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండలో మామూలు కవర్లో పెట్టి బస్సు పార్శిల్‌లో పంపితే బాబు ఎంజైమ్ ఎంత బాగున్నా చేరేసరికి పడిపోయి కనిపిస్తుంది. సీరం వెంటనే వేరుచేసి, గడ్డకట్టించి, డ్రై ఐస్‌లో వెళ్లాలి. బాబు శాంపిల్‌తో పాటు మీకు రక్తసంబంధం లేని, ఆరోగ్యంగా ఉన్న మరో మనిషి శాంపిల్ కూడా అదే రోజు తీసి అదే డబ్బాలో పంపించండి. ఆ రెండోదీ తక్కువ వస్తే చెడింది శాంపిల్ అని అర్థం, మళ్లీ తీయాలి. మీ ఇద్దరివీ కలిపి పంపితే ఇంకా మంచిది. క్యారియర్లలో (ఒక్క కాపీలోనే మార్పు ఉన్నవాళ్లలో) ఈ ఎంజైమ్ సాధారణంగా సగం దాకా ఉంటుంది. హైదరాబాద్ వెళ్లగలిగితే కాజీపేటలో పొద్దున రైలెక్కి అక్కడే రక్తం ఇవ్వడం ఇంకా నయం, డ్రై ఐస్ గొడవ ఉండదు. నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, రిపోర్ట్ కూడా వాళ్లకు చూపించవచ్చు.

ఫలితం మూడు రకాలుగా రావచ్చు. మామూలు సగటులో 10 శాతం లోపు ఉంటే బాబుకు తీవ్రమైన బయోటినిడేస్ లోపం ఉన్నట్టే. 10 నుంచి 30 మధ్య అయితే పాక్షిక లోపం. అంత తక్కువ లోపంతో ఇంత తీవ్రమైన ఫిట్స్ వస్తాయా అని డాక్టర్ ఇంకోసారి ఆలోచించాలి. మామూలుగా వస్తే ఈ జబ్బు కాదు, ఆ వేరియంట్‌ను మరచిపోవచ్చు.

మొదటి ఫలితమే వచ్చిందనుకోండి. అప్పుడు మీకు వింతగా అనిపించే సంగతి ఒకటుంది. జబ్బు ఖాయమైనా వేరియంట్ పేపర్ మీద వీయూఎస్‌గానే ఉండిపోవచ్చు. ఆ జబ్బుకే ప్రత్యేకమైన లక్షణాలకు, ఎంజైమ్ లోపానికి కలిపి చాలా ల్యాబ్‌లు 1 లేదా 2 పాయింట్లు ఇస్తాయి. 3కు 2 కలిస్తే 5, ఇంకా గీతకు ఇవతలే. ఎందుకంటే ఎంజైమ్ తక్కువగా ఉందని తేలితే ఆ జన్యువు పనిచేయట్లేదని తెలుస్తుంది, సరిగ్గా ఈ ఒక్క మార్పు వల్లేనని రుజువు కాదు. పక్కనే టెస్ట్ పట్టుకోలేని ఇంకో మార్పు దాగి ఉండవచ్చు. మార్పు మీద వేసే ముద్ర వేరు, బాబుకు జబ్బు ఉందా లేదా అన్నది వేరు. డాక్టర్ మందు ఇవ్వడానికి రెండోది తేలితే చాలు. పాజిటివ్ అన్న డాక్టర్, ఏమీ లేదన్న డాక్టర్ ఇద్దరూ ఈ రెండిటినీ కలిపేశారు.

అయినా గీత దాటించే ప్రయత్నం చేయాలి, మీ కుటుంబంలో మిగతావాళ్లకు పనికొస్తుంది. మొదట మీ ఇద్దరికీ ఆ ఒక్క మార్పు కోసం సాంగర్ పరీక్ష చేయించండి. ఇద్దరిలోనూ ఒక్కో కాపీ ఉండాలి. ఒకరిలో లేకపోతే బాబుకు రెండో కాపీలో ఆ భాగమే ఊడిపోయి ఉండవచ్చు, లేదా ఆ క్రోమోజోమ్ రెండు కాపీలూ ఒకరి నుంచే వచ్చి ఉండవచ్చు. అప్పుడు లెక్క మొత్తం మారుతుంది. మీ మేనత్త మనవడు రెండేళ్ల వయసులో ఫిట్స్‌తో పోయాడని రాశారు. ఆ ఆసుపత్రి కాగితాలు దొరికితే తెప్పించండి. జుట్టు, చర్మం గురించి ఏమైనా రాసి ఉందేమో చూడండి. ఆ బాబు తల్లిదండ్రులు ఒప్పుకుంటే వాళ్లకూ ఈ పరీక్ష చేయవచ్చు. మీతో సంబంధం లేని ఇంకో కుటుంబంలో ఇదే మార్పు, ఇదే జబ్బు కనిపిస్తే ఇంకా బలం. అందుకే మీ అనుమతితో వేరియంట్‌ను క్లిన్‌వార్‌లో (ల్యాబ్‌లు తాము చూసిన మార్పులను అందరికీ తెలిసేలా రాసే జాబితా) నమోదు చేయమని ల్యాబ్‌ను అడగండి. పేరు, ఊరు బయటికి పోవు.

ఇప్పుడు కడుపులో ఉన్న బిడ్డ. వీయూఎస్‌ను ఆధారం చేసుకుని గర్భంలో పరీక్ష చేయడం, దాన్ని బట్టి తీసేయడం నేను ఎవరికీ చెప్పను. మంచి జెనెటిక్ కౌన్సెలర్ ఎవరూ చెప్పరు. రెండు కాపీలూ ఉన్నాయని తేలినా దాని అర్థం మనకు తెలియనప్పుడు ఆ సమాచారంతో ఏం చేస్తారు? పైగా ఈ జబ్బు ఖాయమైనా సరే, మీ పెద్దలు భయపడేంత పరిస్థితి లేదు. ప్రతి కాన్పులో నాలుగో వంతు అవకాశం ఉంటుంది, నిజమే. కానీ పుట్టిన కొద్ది రోజుల్లో ఎంజైమ్ కొలిచి, తక్కువ ఉంటే బయోటిన్ మొదలుపెడితే ఆ బిడ్డ మామూలుగా పెరుగుతుంది. అన్ని జన్యు జబ్బులూ ఇంత దయగా ఉండవు. మీ భార్యను చూసే గైనకాలజిస్టుకు, పుట్టబోయే బిడ్డను చూసే పిల్లల డాక్టర్‌కు ఇప్పుడే ఈ సంగతి రాతపూర్వకంగా ఇవ్వండి, కాన్పు గది హడావుడిలో గుర్తుండదు.

“ఆడపిల్ల తరఫు నుంచే వచ్చింది రోగం” అని ఇంట్లో అంటున్నారని రాశారు. మీ ఇద్దరిలో ఒక్కో కాపీ ఉంటేనే బాబుకు రెండు వస్తాయి. అవి మీ ఇద్దరికీ ఉమ్మడి అయిన మీ అమ్మమ్మ, తాతల్లో ఒకరి నుంచి వచ్చి ఉంటాయి. ఆ అమ్మమ్మ, తాతలు మీ తరఫు వాళ్లు కూడా. సాంగర్ రిపోర్ట్ వచ్చాక పెద్దవాళ్ల ముందు పెట్టండి.

ఎంజైమ్ మామూలుగా వస్తే నిరుత్సాహపడకండి. ల్యాబ్ దగ్గర మీ బాబు ముడి డేటా ఉంటుంది, ఫాస్ట్‌క్యూ, బ్యామ్ ఫైళ్లు అంటారు. అడిగి తీసుకుని ఒక హార్డ్‌డిస్క్‌లో పెట్టుకోండి. రెండేళ్ల తర్వాత అదే డేటాను మళ్లీ విశ్లేషిస్తే కొత్త కారణం దొరికే సందర్భాలు చాలా ఉన్నాయి, కొత్తగా టెస్ట్ ఖర్చు అక్కర్లేదు. ఎగ్జోమ్ పట్టుకోలేనివీ ఉన్నాయి, జన్యువుల మధ్య లోతుగా ఉన్న మార్పులు, కొన్ని పెద్ద ఊడిపోవడాలు. వాటికి వేరే పరీక్షలు ఉన్నాయి. అది అప్పటి మాట. ముందు ఎంజైమ్ శాంపిల్ వెళ్లనివ్వండి. ఫారం మీద బాబు వయసు, వాడుతున్న ఫిట్స్ మందుల పేర్లు, బయోటిన్ మొదలుపెట్టిన తేదీ, రక్తం తీసిన సమయం, సీరం గడ్డకట్టించిన సమయం రాయించడం మరిచిపోకండి.